పంతొమ్మిది పేర్లు, నాలుగు సూట్‌కేసులు

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పెద్దది. పేరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి కొన్ని వివరాలు తీసేసి విషయం చెప్తాను. రాసినావిడకి ముప్పై ఎనిమిదేళ్లు, ఉద్యోగం చేస్తున్నారు, పాపకి పదకొండు, బాబుకి ఎనిమిది. ఈ డిసెంబర్ 12న నలుగురూ జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, న్యూరెంబర్గ్, డ్రెస్డెన్ చూసుకుని, రైల్లో ఆస్ట్రియాలోని వియన్నా చేరి, 22 పొద్దున అక్కణ్ణుంచే తిరుగు విమానం ఎక్కుతారు. 25న క్రిస్మస్‌కి అత్తగారింట్లో అందరూ కలుస్తారు. అక్కడ ఎవరికి ఏం ఇవ్వాలో ఆవిడ ఇప్పటికే నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నారు. పంతొమ్మిది పేర్లు. అత్తవారి వైపు 11, పుట్టింటి వైపు 5, ఆఫీసులో 3.

రెండేళ్ల క్రితం కూడా చలికాలంలోనే విదేశం వెళ్లొచ్చారట. ట్రిప్పులో సగం సాయంత్రాలు షాపుల్లోనే గడిచిపోయాయి. ఒకరోజు ఈవిడ లోపల స్కార్ఫ్‌ల రంగులు చూస్తుంటే, బయట ఆయనా పిల్లలూ ముప్పావుగంట నిలబడ్డారు, బాబు బూట్లు తడిసిపోయి కాళ్లు కొంకర్లు పోయి ఏడుపు మొదలెట్టాడు. ఆ రాత్రి హోటల్లో పెద్ద గొడవ. తిరిగొచ్చేటప్పుడు పెట్టె ఆరు కిలోలు ఎక్కువ తూగితే చెకిన్ కౌంటర్ ముందే తెరిచి, స్వెట్టర్లు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, మిగిలినదానికి డబ్బు కట్టారు. ఇంతా చేసి తెచ్చిన స్కార్ఫ్‌ని పెద్ద తోటికోడలు అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది ఇక్కడా దొరుకుతుందిగా” అని పక్కన పెట్టేశారట.

ఈసారి ఆయన ముందే తేల్చేశారు, ఎవరికీ ఏమీ కొనేది లేదని. ఇంకోపక్క ఆడపడుచు 300 యూరోల హ్యాండ్‌బ్యాగ్ ఫోటో వాట్సాప్‌లో పంపి, “వదినా, డబ్బులు తర్వాత ఇస్తాలే” అంది. పోయినసారి తెచ్చిన పెర్‌ఫ్యూమ్ డబ్బులే ఇంకా రాలేదు. ఈవిడ ప్లాన్ ఏమిటంటే ట్రిప్పంతా హాయిగా తిరిగేసి, చివరి రోజు, అంటే 21న, వియన్నాలో అన్నీ ఒకేసారి కొనేయడం. “ఎవరినీ నొప్పించకుండా, మా ఆయనతో గొడవ పడకుండా, అందరికీ తెచ్చే దారేదైనా చెప్పండి. ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది” అని ముగించారు.

జవాబు:

ముందు చెడ్డ వార్త చెప్పేస్తాను. ఈ 21వ తేదీ ఆదివారం. ఆస్ట్రియాలో, జర్మనీలో ఆదివారం మామూలు షాపులు మూసేస్తారు. పెద్ద రైల్వేస్టేషన్లలో ఉన్నవి, ఎయిర్‌పోర్టులోవి, ఇంకా కొన్ని సావనీర్ దుకాణాలు తప్ప మీరు గ్లాసు తలుపులకి మొహం ఆనించి లోపలికి చూసి రావడమే. క్రిస్మస్ మార్కెట్లు, అంటే పండగ ముందు ఊరి మధ్యలో వెలిసే చెక్క గుడిసెల కొట్లు, మాత్రం ఆదివారం కూడా ఉంటాయి, కానీ పండక్కి ముందు చివరి ఆదివారం సాయంత్రం అక్కడ ఎంత జనం ఉంటారో ఊహించుకోండి, పంతొమ్మిది పేర్ల చీటీ పట్టుకుని ఇద్దరు పిల్లలతో దూరడానికి అంతకంటే చెడ్డ సమయం దొరకదు. కాబట్టి ఆ ప్లాన్ ఇప్పుడే కొట్టేయండి. 14 కూడా ఆదివారమే, అదీ గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివి, పెన్ను తీసుకుని ఒక లెక్క వేశాను. పంతొమ్మిది మందిలో మిమ్మల్ని నోరు తెరిచి అడిగింది ముగ్గురే. ఆడపడుచు బ్యాగు, మీ చెల్లెలి కూతురు ‘మంచు కురిసే గాజు బంతి’, మీ మామగారు చలికి మంచి గ్లోవ్స్. మిగతా పదహారు పేర్లూ రాసింది మీరే. వాళ్లు ఎదురు చూస్తున్నారని మీరు అనుకుంటున్నారు. కొందరు నిజంగానే చూస్తుండొచ్చు, కాదనను. కానీ ఎవరో నెత్తిన పెట్టిన బరువుకీ మనమే ఎత్తుకున్న బరువుకీ తేడా ఉంది. రెండోది దించుకోవాలంటే ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

ఇంకో లెక్క కూడా వేశాను. నాలుగు పేజీల ఉత్తరంలో న్యూరెంబర్గ్ గురించి ఒక్క వాక్యమే ఉంది, అదీ “అక్కడ మెత్తటి బొమ్మలు చవకా?” అని. తోటికోడలి స్కార్ఫ్ మాట గురించి పేజీన్నర రాశారు. ఈ ట్రిప్పులో మీరు చూడాలనుకుంటున్నది ఏంటో నాకు తెలియలేదు. మీ ఆయన కోపం కూడా డబ్బు మీద కాదేమో. ఆ ముప్పావుగంట చలిలో నిలబడ్డ మనిషి మాట్లాడుతున్నాడు.

అలాగని ఆయన మాటే నెగ్గాలని నేననను. “ఏమీ కొనొద్దు” అనడం ఆయనకి తేలిక. 25న గుమ్మంలో ఖాళీ చేతులతో నిలబడితే చూపులు తగిలేది మీకు. తెస్తే మాత్రం “మా అన్నయ్య తెచ్చాడు” అంటారని మీరే రాశారు (ఆ వాక్యం చదివి నవ్వాను, సారీ). మరి అన్నయ్యగారే తేవొచ్చుగా. అత్తవారి వైపు పదకొండు పేర్లూ చింపి ఆయన చేతిలో పెట్టండి. కోపంగా కాదు, మామూలుగా. “మీవాళ్లకి ఏం కావాలో మీకే బాగా తెలుసు, మీరు చూసుకోండి, మావాళ్లకీ ఆఫీసుకీ నేను చూస్తాను” అని. రెండు రకాలుగా జరగొచ్చు. ఆయన నిజంగా ఏమీ కొనకపోవచ్చు, అప్పుడు 25న జవాబు చెప్పాల్సింది ఆయన, ఆ ఇబ్బంది కాసేపు మీరు చూస్తూ ఊరుకోగలగాలి. లేదా వాళ్లమ్మకి, నాన్నకి మాత్రం ఏదో కొని మిగతావాళ్లని వదిలేయొచ్చు, అదీ ఒక పద్ధతే. మధ్యలో దూరి “మరి పెద్దక్కకి?” అని గుర్తుచేస్తే మాత్రం మొత్తం మళ్లీ మీ మీదకే వస్తుంది. మీ ఉత్తరం చదివితే మీరు గుర్తుచేసే రకమే అనిపిస్తోంది.

ఆయన ససేమిరా అన్నారనుకోండి, అప్పుడు ఈ పంతొమ్మిదిని మనుషులుగా కాకుండా ఇళ్లుగా లెక్కపెట్టండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే బంధువుల ఇళ్లు ఆరే, ఆఫీసు ముగ్గురు వేరు. ఇంటికొకటి చొప్పున ఆరు డబ్బాలు, అందరికీ ఒకటే రకం. న్యూరెంబర్గ్‌లో లేబ్‌కూఖన్ అని మసాలా దినుసులు వేసిన బిస్కెట్ లాంటిది చేస్తారు, అది బొమ్మలున్న రేకు డబ్బాల్లో వస్తుంది, నలగదు, కారదు, కొన్ని వారాలు నిలవుంటుంది. ఆ ఊరి పేరు పెట్టుకోవాలంటే ఆ ఊళ్లోనే తయారవ్వాలని 1996 నుంచి యూరప్ చట్టమే ఉంది. ఒకే షాపులో పావుగంటలో ఆరిళ్ల పని అయిపోతుంది. ఇబ్బందల్లా, మీ వాళ్లలో “నాకంటూ ఏం తెచ్చావు” అని చూసేవాళ్లుంటే డబ్బా వాళ్లకి ఆనదు. పిల్లలున్న ఇళ్లలో అసలు ఆనదు. అందుకని డబ్బా ఇంటికి, పిల్లలకి మాత్రం విడిగా చిన్న వస్తువు అనుకోండి. మీ జాబితాలో పిల్లలు ఆరుగురు. చెల్లెలి కూతురి గాజు బంతి పోను ఐదుగురు.

ఆఫీసు ముగ్గురికీ నేనైతే కప్పులు తెస్తాను. క్రిస్మస్ మార్కెట్లలో వేడి డ్రింక్ పింగాణీ కప్పులో పోసిస్తారు, కప్పుకి కొన్ని యూరోలు డిపాజిట్ తీసుకుంటారు, తిరిగిస్తే డబ్బు తిరిగొస్తుంది, ఇవ్వకపోతే కప్పు మీదే. చాలా చోట్ల దాని మీద ఊరి పేరూ ఆ మార్కెట్ బొమ్మా ఉంటాయి. పిల్లలకి ఆల్కహాల్ లేని పంచ్ కూడా అదే కప్పులో ఇస్తారు, అంటే మీరు తాగినదాంట్లోనే గిఫ్టు వచ్చేసినట్టు. హోటల్లో కడిగి, లోపల ఒక సాక్సు కుక్కి, పైన ఇంకో సాక్సు తొడిగితే పగలదు. ముగ్గురి వరకూ బాగుంది గానీ పంతొమ్మిది కప్పులు మాత్రం తేకండి, బరువుకి చచ్చిపోతారు.

ఇప్పుడు తోటికోడలి మాట. ఆవిడ అన్న తీరు బాగోలేదు కానీ అన్నదాంట్లో కొంచెం నిజం ఉంది. ఫ్యాక్టరీలో నేసిన స్కార్ఫ్ ఎక్కడైనా దొరుకుతుంది. క్రిస్మస్ మార్కెట్ గుడిసెల్లో కూడా సగం సరుకు ఎక్కడెక్కడి నుంచో వచ్చిందే ఉంటుంది, ఎర్ర తెల్ల చారల గుడ్డ కప్పిన కొట్లో పెట్టారని అది ఆ ఊళ్లో తయారైపోదు. మీ దారిలో మాత్రం నిజంగా అక్కడే చేసేవి బోలెడున్నాయి. డ్రెస్డెన్‌కి దక్షిణాన చెక్ సరిహద్దు వెంబడి ఎర్ట్స్‌గెబిర్గె కొండలున్నాయి, అక్కడి జైఫెన్ అనే ఊరు చెక్క బొమ్మలకి పేరు. గనులు మూతపడే కొద్దీ ఆ గని పనివాళ్ల కుటుంబాలు చెక్క పని మీద పడ్డాయి. వాళ్లు చేసే చిన్న మనిషి బొమ్మ ఒకటుంటుంది, నోరు గుండ్రంగా తెరిచి పైపు పట్టుకుని ఉంటాడు. బొమ్మని నడుము దగ్గర ఊడదీసి లోపల అగరుబిళ్ల వెలిగించి మళ్లీ మూస్తే, వాడి నోట్లోంచి పొగ సన్నగా తీగలా వస్తుంది. పిల్లలు దాన్ని చూస్తూ అలా కూర్చుండిపోతారు. ఇంకొకటి హెర్న్‌హుట్ నక్షత్రం, పాతిక కోణాలతో, లోపల బల్బుతో ఉంటుంది, హెర్న్‌హుట్ అనే ఊరు డ్రెస్డెన్‌కి తూర్పున ఉంది. కాగితంది అయితే విడి భాగాలుగా పెట్టెలో ఇస్తారు, బరువు ఉండదు. బల్బు సెట్టు ప్లగ్గు, వోల్టేజీ మీ ఇంటికి సరిపోతాయో చూసి మరీ తీసుకోండి. క్రిస్మస్ చెట్టుకి కట్టే గాజు బంతులు కావాలంటే లౌషా అనే ఊరివి అడగండి, వాటిని ఊదడం మొదలైంది అక్కడే, 19వ శతాబ్దంలో. డ్రెస్డెన్ మార్కెట్టు 1434 నుంచీ ఉన్నది, ఈ చెక్క సామానంతా అక్కడ చూడొచ్చు. చవగ్గా మాత్రం ఉండదు, చేత్తో చేసినవి కదా. ఒకట్రెండు కొనండి, నిజంగా ఇష్టమైనవాళ్లకి.

మీ చెల్లెలి కూతురి గాజు బంతి సంగతి కాస్త విడిగా చెప్పాలి, ఎందుకంటే నాకు అందులో అనుభవం ఉంది. వియన్నాలో 1900 ప్రాంతంలో ఎర్విన్ పెర్ట్సీ అనే ఆయన ఆపరేషన్ గదుల్లో వాడే దీపానికి వెలుగు పెంచబోయి, నీళ్లు నింపిన గాజు గోళంలో తెల్లటి రవ్వలు వేసి చూస్తుంటే ఈ మంచు బంతి పుట్టిందంటారు. ఆ కుటుంబం ఇప్పటికీ వియన్నాలోనే వాటిని చేస్తోంది, హెర్నాల్స్ పేటలో చిన్న మ్యూజియం కూడా ఉంది. పిల్లకి ఇంతకంటే మంచి బహుమతి, వెనక ఇంత మంచి కథ, దొరకవు. కానీ లోపలుండేది నీళ్లు. చేతిసంచీలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవం తీసుకెళ్లనివ్వరు, కొన్ని చోట్ల రూలు సడలిస్తున్నా దాన్ని నమ్ముకోకండి. నేను ఒకసారి పగిలిపోతుందేమోనని ఇలాంటి బంతినే ముద్దుగా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని వెళ్తే, సెక్యూరిటీలో తీసి పక్కనున్న డబ్బాలో వేశారు. డబ్బాలో పడ్డాక కూడా లోపల మంచు కురుస్తూనే ఉంది. స్వెట్టర్ చేతిలోకి తోసి, చెకిన్ పెట్టె మధ్యలో పెట్టండి.

ఇక ఆడపడుచు బ్యాగు. ఇందులో మీకు మూడు దారులు. తెచ్చి బహుమతిగా ఇచ్చేయడం ఒకటి, అప్పుడు మళ్లీ డబ్బు మాట మనసులో కూడా రాకూడదు, రెండేళ్ల తర్వాత కూడా పెర్‌ఫ్యూమ్ గుర్తున్న మీకు అది కుదరదు. రెండోది ముందే డబ్బు తీసుకోవడం. మూడోది తేనని చెప్పడం. మీకు రెండోది సరిపోతుందనుకుంటున్నా. “ఈసారి ఖర్చులు టైట్‌గా ఉన్నాయి, 10వ తారీఖులోపు డబ్బులు వేసేయ్, బిల్లుతో సహా తెచ్చిస్తా” అని మెసేజ్ పెట్టండి. వేస్తే తెస్తారు, వేయకపోతే జవాబు వచ్చినట్టే, మీరు కాదన్నట్టు కూడా ఉండదు. పెర్‌ఫ్యూమ్ సంగతి అందులో ఎత్తకండి, ఎత్తితే ఈ బ్యాగు గొడవ కాస్తా ఆ గొడవ అవుతుంది. ఫోన్ ఎత్తి “అదేంటి వదినా” అంటే అన్నాచెల్లెళ్ల ఖాతాలోకి తోసేయండి, “మీ అన్నయ్యే లెక్కలు చూస్తున్నాడు” అని.

కానీ డబ్బు ఇచ్చినా ఆ బ్యాగు మీ పెట్టెలో ఉన్నంతసేపూ అది మీ వస్తువే, కస్టమ్స్ వాళ్లు అడిగితే “మా ఆడపడుచుది” అంటే వినరు. సుంకం లేకుండా ఎంతవరకు తెచ్చుకోవచ్చో ముందే చూసుకుని, ఆ లెక్కలో ఈ బ్యాగూ కలపండి. అలాగే పన్ను వాపసు ఉంది. యూరోపియన్ యూనియన్ బయట నివాసం ఉండేవాళ్లకి, జర్మనీలో ఒకే బిల్లు 50 యూరోలు దాటితే, ఆస్ట్రియాలో 75 దాటితే, వ్యాట్ వెనక్కి అడగొచ్చు. షాపులోనే పాస్‌పోర్ట్ చూపించి ట్యాక్స్‌ఫ్రీ ఫారం తీసుకోవాలి. 300 యూరోల బ్యాగులో జర్మనీ వ్యాట్ 48 యూరోల దాకా ఉంటుంది, సర్వీసు ఛార్జీ పోను చేతికొచ్చేది అంతకంటే తక్కువ. వియన్నా ఎయిర్‌పోర్టులో పెట్టె చెకిన్‌కి ఇచ్చెయ్యకముందే వస్తువు, బిల్లు, ఫారం చూపించి కస్టమ్స్ ఆమోదం తీసుకోవాలి, వస్తువు వాడకుండా ఉండాలి. జర్మనీలో కొన్నదానికి కూడా అక్కడే చేస్తారు, మీరు యూనియన్ దాటేది అక్కడే కాబట్టి. క్యూ ఉంటుంది, గంట ముందు వెళ్లాలి. ఆ గంట పొద్దున్నే పిల్లల్ని లేపి మీరు పెట్టే గంట, దాని ఫలం ఎవరికి చెందుతుందో ముందే అనుకోండి. మార్కెట్ గుడిసెల్లో మాత్రం ఇలాంటి ఫారాలు ఆశించకండి, చాలావాటిలో కార్డు కూడా తీసుకోరు, కొంచెం క్యాష్ ఉంచుకోండి.

షాపింగ్ వేళలకి ఒక చిన్న కిటుకు. అక్కడ డిసెంబర్లో నాలుగు, నాలుగుంపావుకే సూర్యుడు వెళ్లిపోతాడు. వెలుగున్నంతసేపూ కోటలూ చర్చిలూ చూడండి, కొనుగోళ్లు చీకటి పడ్డాక. మార్కెట్లు దీపాల వెలుగులో అప్పుడే బాగుంటాయి కూడా. వియన్నాలో కొనే ఆ గాజు బంతి ఒక్కటీ పోను, మొత్తం ట్రిప్పుకి రెండు సాయంత్రాలే కేటాయించండి, న్యూరెంబర్గ్‌లో ఒకటి, డ్రెస్డెన్‌లో ఒకటి, ఒక్కోటి గంటన్నర. న్యూరెంబర్గ్‌లో పెద్ద మార్కెట్ పక్కనే హాన్స్ జాక్స్ ప్లాట్స్‌లో పిల్లల కోసం విడిగా మార్కెట్ ఉంది, రంగులరాట్నంతో సహా. ఆయనా పిల్లలూ అక్కడ ఉంటే మీరు ఒక్కరే తిరిగి రావచ్చు. బాబుకి వాటర్‌ప్రూఫ్ బూట్లు, ఒక జత అదనపు ఉన్ని సాక్సులు మీ హ్యాండ్‌బ్యాగ్‌లోనే పెట్టుకోండి, ఆ సాక్సులు ఒక్కటి ఉండుంటే పోయినసారి హోటల్ గొడవ సగం జరిగేది కాదు. మామగారి గ్లోవ్స్ ఆయన చేతి కొలత ఒక కాగితం మీద గీయించుకుని తీసుకెళ్లండి, సైజు తప్పితే మార్చుకునే వీలుండదు.

బరువుకి ఒక్క మాట. వెళ్లేటప్పుడు నాలుగో సూట్‌కేసుని ఖాళీగా మూడోదాని లోపల పెట్టండి, వచ్చేటప్పుడు అదే గిఫ్టుల పెట్టె, దాంట్లో పట్టినన్నే కొనాలి. లావు కోట్లు, బూట్లు ఒంటి మీదే వేసుకుని విమానం ఎక్కండి. గిఫ్టు పేపర్లు అక్కడ చుట్టించకండి, సెక్యూరిటీ వాళ్లకి అనుమానం వస్తే చించి చూస్తారు, ఇంటికొచ్చాకే చుట్టుకోండి. మాంసం, జున్ను లాంటివి ఎంత బాగున్నా వద్దు, చాలా దేశాల్లో కస్టమ్స్ ఆపేస్తారు. పార్శిల్ వేసేద్దాం అనుకుంటే డిసెంబర్ మధ్యలో వేసింది 25కి అందుతుందన్న ఆశ పెట్టుకోకండి.

ఇంకా చెప్పాలంటే అన్నీ 25నే ఇవ్వాలని కూడా లేదు. నిద్ర లేక, జెట్‌లాగ్‌తో 24 రాత్రి పేపరూ టేపూ ముందేసుకుని కూర్చునే బదులు, ఆ రోజు పిల్లలవీ పెద్దవాళ్లవీ ఇచ్చేసి, మిగతా డబ్బాలు కొత్త సంవత్సరానికి ఎవరింటికెళ్తే వాళ్లకి ఇవ్వొచ్చు. కొందరు “మరి నాకేదీ” అని పండగ రోజునే అడుగుతారు, ఆ ఒక్క నిమిషం నవ్వి దాటేయాలి.

పెద్ద తోటికోడలు ఈసారి కూడా డబ్బా తిప్పి చూసి, “ఇది ఇక్కడా దొరుకుతుందిగా” అంటే, వివరణలు మొదలెట్టకండి. “అవునా అక్కా, ఏ షాపులో? చెప్పు, వచ్చే ఏడాది మోసుకురాకుండా అక్కడే కొనేస్తా” అనండి, ఫోన్ తీసి రాసుకోడానికి రెడీగా కూర్చోండి.